తీయకూడని అడుగు

రండి, రండి, ముందుకు జరగండి. వెనకాల నిలబడ్డవాళ్ళు గొంతులు తగ్గించండి, ముందు కూర్చున్నవాళ్ళు తలలు కాస్త వంచండి. ఆ మూలన గుసగుసలాడుతున్న ఇద్దరూ మీ ఇంటి గొడవ తర్వాత తేల్చుకోండి, ఇక్కడ అంతకన్నా పెద్ద గొడవ మొదలై మూడు రోజులైంది. ముక్కు సున్నితంగా ఉన్నవాళ్ళు రుమాలు చేతికి అందేలా పెట్టుకోండి. చెప్పలేదని తర్వాత అనుకోవద్దు.

సబ్బుల వాళ్ళ షెడ్డులో పొయ్యి ఆరిపోయింది. దానంతటది ఆరలేదు, చిన్నకోడలు ఆర్పేసింది. ఎవరినీ అడక్కుండా నాలుగు బక్కెట్ల నీళ్ళు మోసుకొచ్చి నిప్పుల మీద కుమ్మరించి, చేతులు దులుపుకుని, ఖాళీ బక్కెట్లు బోర్లించి మరీ పోయింది.

డెబ్బై ఏళ్ళుగా ఆరని పొయ్యి అది. పెళ్ళిళ్ళకు ఆరలేదు, చావులకు ఆరలేదు. ఒకసారి షెడ్డు కప్పు కూలి నెత్తిన పడితే, ఆ దూలాలనే పొయ్యిలోకి తోసి ఆ పూట సబ్బు వండారు. అలాంటి పొయ్యి ఇప్పుడు తడి బూడిద. దాని మీద ఇనప కాగు చల్లబడి, బిర్రబిగుసుకుని కూర్చుంది. ఆరుగురు దిగి చాపలు పరుచుకుని పడుకోవచ్చు, అంత కాగు.

మామగారు ఆ కాగు పక్కనే, తిరగేసిన అచ్చుపెట్టె మీద కూర్చుని మూడు రోజులుగా నోరు విప్పలేదు. ఆయన మాట్లాడకపోవడం కూడా పెద్ద గొంతుతోనే ఉంటుంది. ఒక్కో నిట్టూర్పుకీ గోడ మీద సున్నం రాలుతోంది.

ఆయన వంతు కూడా కలుపుకుని పెద్దకొడుకు మాట్లాడుతున్నాడు. సబ్బు కంపు తన ఒంటికి అంటకూడదని పొద్దునా సాయంత్రం సీసాడు సెంటు గుమ్మరించుకునే మనిషి. పనివాళ్ళు వెనకాల సెంటు బావ అని పిలుస్తారు, చిన్నకోడలు చాటున పిలిచే పేరు విని నేర్చుకుని.

"నీకు పొయ్యి ఆర్పమని ఎవరు చెప్పారమ్మాయ్?" అన్నాడు సెంటు బావ. ఆ ప్రశ్న అడగడం అప్పటికి పదహారోసారి.

"నా ముక్కు చెప్పింది బావగారూ."

"ముక్కులు చెబితే వ్యాపారాలు నడుస్తాయా?"

"ముక్కులు మూసుకుంటే నడిచాయిగా ఇన్నాళ్ళూ."

గేటు పక్కన అరవై పెట్టెలు గోడలా పేర్చి ఉన్నాయి. హాస్టళ్ళ దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీ నుంచి తిరిగొచ్చిన సరుకు. మీద ఒక చీటీ అంటించి ఉంది: "ఉతకకముందు కన్నా ఉతికాకే ఎక్కువ కంపు కొడుతున్నాయి. దయచేసి మళ్ళీ పంపవద్దు." ఆ దయచేసి అన్న మాట దగ్గరే చిన్నకోడలికి ఒళ్ళు మండింది. తిట్టినా బాగుండేది.

తీగ తీసుకుని అందరి ముందూ బిళ్ళలు కోసింది. మొదటి దాంట్లో వెంట్రుక. రెండో దాంట్లో వెంట్రుక కానిదేదో. మూడో దాంట్లో బొద్దింక కాలు, మోకాలు కీలుతో సహా.

"బొద్దింకకి మోకాలుంటుందా?" అన్నాడు సెంటు బావ.

"మీరే చూడండి. మెట్టెక్కుతున్నట్టు ఎలా మడిచిందో."

అతను చూడలేదు. రుమాలు ముక్కుకు పెట్టుకుని కప్పు వైపు చూశాడు.

ఆమెకు అసలు మంట కాలు గురించి కాదు, నాలుక గురించి. సబ్బు ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఆ ఇంట్లో ఒకటే పద్ధతి ఉంది. తెడ్డు కొసన చిటికెడు తీసి, చల్లార్చి, నాలుక చివరికి తాకించాలి. చురుక్కుమంటే ఇంకా పచ్చి. చప్పగా ఉంటే దించెయ్యొచ్చు. యాభై ఏళ్ళు అలా చూసి చూసి మామగారి నాలుక మొద్దుబారిపోయింది, ఉప్పుకీ పంచదారకీ తేడా తెలీదు. సెంటు బావ ఒకే ఒక్కసారి చూసి రెండు రోజులు మంచం దిగలేదు. ఇక మిగిలింది చిన్నకోడలు. పదకొండేళ్ళుగా రోజుకు రెండుసార్లు ఆ ఇంటి సబ్బు ఆమె నాలుక మీదుగానే బజారుకు వెళ్తోంది. తెడ్డు మామగారిది, నాలుక కోడలిది, బిళ్ళ మీద పేరు ఎప్పుడో పోయిన తాతగారిది.

"ఏమే, ఈ సబ్బుతోనే కదా నీ పిల్లలిద్దరికీ నీళ్ళు పోశావు. వాళ్ళకేం అరిగిపోయిందా?" అంది అత్తగారు గుమ్మంలోంచి. ఆవిడ షెడ్డులోకి రాదు. గుమ్మంలోనే నిలబడి నలభై ఆరేళ్ళుగా వ్యాపారం చూస్తోంది.

"అదే అత్తయ్యగారూ. అది తలుచుకుంటేనే వాళ్ళిద్దరినీ మళ్ళీ కడగాలనిపిస్తోంది."

"మరి నువ్వేం మాట్లాడవేంరా?" అని ఆవిడ చిన్నకొడుకు మీదకు తిరిగింది.

చిన్నకొడుకు బల్ల దగ్గర కూర్చుని బిళ్ళల అంచులు కత్తితో నున్నగా చెక్కుతున్నాడు. తిరిగొచ్చిన బిళ్ళలకు అంచులు చెక్కి ఏం లాభమో ఎవరూ అడగలేదు. నోట్లో నాలుక లేని మనిషి. గొడవ వచ్చినప్పుడల్లా చేతికి ఏదో ఒక పని దొరుకుతుంది.

కాగు వెనక గోడ మీద, తారుతో జానెడేసి అక్షరాలు. తాతగారు తన చేత్తో రాసినవి. "కాగు ఖాళీ చెయ్యరాదు. అడుగు తియ్యరాదు." ప్రతి వంటకీ కాగులో జానెడు పాత సబ్బు మిగల్చాలి, దాని మీదే కొత్తది వండాలి. పాలలో తోడులాగ ఆ పాత అడుగులోనే ఈ సబ్బు బలమంతా ఉందని ఇంటా బయటా నమ్మకం. మీద జానెడు మారుతూ వస్తుంది, కింద జానెడు రాయిలా పేరుకుంటూ పోతుంది. డెబ్బై ఏళ్ళలో ఆ అడుగు ముట్టినవాడు లేడు.

చిన్నకోడలు ఆ అక్షరాల కింద నిలబడి, "నాకు ఈ అడుగు తియ్యాలని ఉంది మామయ్యగారూ," అంది.

షెడ్డులో ఈగలు కూడా ఆగిపోయాయి.

మామగారి నోరు మూడు రోజుల తర్వాత తెరుచుకుంది. "అడుగు తీస్తే ఈ ఇంటి సబ్బు చస్తుంది."

"అది చచ్చి చాలా ఏళ్ళయింది. అందుకే ఆ వాసన."

పొయ్యి దగ్గర పనిచేసే ముసలాయనకు నవ్వు ఆగలేదు. దగ్గుతున్నట్టు నటించి బయటికి పోయి, వినాలన్న ఆశ చంపుకోలేక మళ్ళీ లోపలికి వచ్చాడు.

మామగారు కోడల్ని ఎగాదిగా చూశారు. "సరే. నీ చేతుల్తోనే తియ్యి. అడుగులో నువ్వన్న కుళ్ళు ఉంటే తెడ్డు నీది, నా తర్వాత ఈ కాగు నీ మాట వింటుంది. లేదా, మధ్యలో మానేసి పైకొచ్చావా, తెడ్డు మీ బావది. నువ్వు మళ్ళీ ఈ షెడ్డు గడప తొక్కకూడదు."

"నాన్నా, వద్దు," అన్నాడు సెంటు బావ. అంత సెంటులోంచీ చెమట వాసన వచ్చింది.

బల్ల దగ్గర చిన్నకొడుకు చేతిలో కత్తి జారి కింద పడింది.

ఒకాయనకు తెడ్డు పోతుందన్న బెంగ, ఇంకొకాయనకు పెళ్ళాం దిగుతుందన్న బెంగ అనుకుంది చిన్నకోడలు. అంతకు మించి ఆలోచించే తీరిక ఆమెకు లేదు. ఉలి, సుత్తి, గునపం ఏరుకుంటోంది.

పనివాళ్ళను పిలిస్తే ఒక్కడూ కదల్లేదు. పొయ్యి ముసలాయన మాత్రం మర్యాదగా చెప్పాడు. "చిన్నమ్మగారూ, నిప్పుల్లోకి దిగమనండి, దిగుతాను. అందులోకి మాత్రం నా వల్ల కాదు. బక్కెట్లు పైకి లాగమంటే లాగుతాను, అదీ మొహం అటు తిప్పుకుని."

ముక్కుకు గుడ్డ కట్టుకుని, నిచ్చెన వేసుకుని ఆమె దిగింది.

మొదటి దెబ్బకే ఒక వాసన లేచింది. దాన్ని వాసన అనడం వాసనలకు అవమానం. పెంకుల మీద కూర్చున్న పావురాలు ఒక్కసారిగా లేచిపోయాయి, సాయంత్రం దాకా తిరిగి రాలేదు. గుమ్మంలో అత్తగారు వాంతి చేసుకుంది. కాగులో చిన్నకోడలు కూడా చేసుకుంది. దాన్నీ బక్కెట్లోకి ఎత్తి పైకి పంపి, మళ్ళీ ఉలి పట్టుకుంది.

అడుగు పొరలు పొరలుగా ఊడింది. మీద పసుపు పొర. దాని కింద ఆకుపచ్చ పొర, సెంటు బావ పుదీనా నూనె కలిపిన ఏడాదిది. ఆ ఏడు దోమలు కూడా వీధి మారాయని చెప్పుకుంటారు. దాని కింద బూడిద రంగు. అక్కణ్ణుంచి వస్తువులు మొదలయ్యాయి. జుట్టు చిక్కుకున్న దువ్వెన. ఒంటి అద్దం కళ్ళజోడు. ఎవరిదో పన్ను.

"అది నాదే," అన్నాడు పొయ్యి ముసలాయన మొహం ఇటు తిప్పి. "నా పెళ్ళి ఏడాది ఊడింది. ఎక్కడ పడిందా అనుకున్నాను."

ఆ తర్వాత ఎలకలు. మూడు. పెద్దది, మధ్యది, చిన్నది, ఒకే వరసలో, కుటుంబంతో షికారుకు బయల్దేరినట్టు. బొచ్చు పోయి, తెల్లగా, నున్నగా, నిలువునా సబ్బయిపోయి ఉన్నాయి. ముసలాయన బక్కెట్లో వాటి మీద నీళ్ళు పోస్తే నురగ వచ్చింది.

"మన బిళ్ళకి ఏనాడూ ఇంత నురగ రాలేదు," అన్నాడు ఆయన, గౌరవంగానే.

చిన్నకోడలు నిచ్చెన పట్టుకుని తల పైకెత్తింది. "చాలా మామయ్యగారూ? కుళ్ళు చూశారా?"

"చూశాను," అన్నారు మామగారు. "నువ్వే గెలిచావు. తెడ్డు నీది. పైకి రా."

ఇంత తొందరగానా అనుకుంది ఆమె. చిరిగిన తువ్వాలు పారేయడానికి కూడా వారం ఆలోచించే మనిషి. యాభై ఏళ్ళ తెడ్డును ఒక్క మాటతో ఇచ్చేస్తున్నారు.

"ఇంకో నాలుగు వేళ్ళ మందం ఉంది మామయ్యగారూ. అదీ తీసేస్తాను."

"అక్కర్లేదు. పైకి రమ్మన్నానా."

"రావమ్మాయ్, పైకి," అన్నాడు సెంటు బావ. అంత మెత్తగా అతను ఆమెతో ఎప్పుడూ మాట్లాడలేదు.

"వచ్చెయ్," అన్నాడు మొగుడు. మూడు రోజుల్లో అతని మొదటి మాట అది.

కాగు అంచు మీంచి మూడు తలలు కిందకు వేలాడుతున్నాయి. తండ్రీ ఇద్దరు కొడుకులూ. మూడు మొహాలదీ ఒకటే రంగు. కింద ఊడిన బూడిద పొర రంగు.

చిన్నకోడలు వాళ్ళను చూసింది. తర్వాత కాళ్ళ కింద మిగిలిన నాలుగు వేళ్ళ మందాన్ని చూసింది. గునపం రెండు చేతులా ఎత్తి దించింది.

అడుగుకు కాస్త పైన, పొయ్యి సెగ తగలని పక్క, సబ్బు పెళ్ళగా ఊడింది. దాని వెనక నల్లగా, కొమ్ములా గట్టిపడి, ఇనుములోకి దిగగొట్టినట్టు ఏదో ఉంది. ఊపి ఊపి లాగితే చేతిలోకి వచ్చింది. బూటు. ఎడమకాలి బూటు. తాడు ముడి కూడా చెదరలేదు.

బూటు వచ్చిన చోట్లోంచి ఎండ లోపలికి వచ్చింది.

చిల్లు. రెండు పిడికిళ్ళు పట్టేంత చిల్లు. అందులోంచి బయట నిలబడ్డ పొయ్యి ముసలాయన మోకాళ్ళు కనబడుతున్నాయి.

ఆమె బూటు పట్టుకుని నిచ్చెన ఎక్కి వచ్చింది. ఎవరూ చెయ్యి అందించలేదు. ఒంటి మీంచి బూడిద రంగు నీళ్ళు కారి ఆమె పాదాల చుట్టూ మడుగు కట్టాయి.

"ఇదేంటి?"

మామగారు అచ్చుపెట్టె మీద కూర్చున్నారు. "మా నాన్న ఈ కాగు ఓడలు విరగ్గొట్టే వాళ్ళ దగ్గర కొన్నాడు. పన్నెండు మందితో ఊరేగింపుగా మోయించుకొచ్చాడు. అందరూ చూస్తుండగా నీళ్ళు పోశాడు. కారింది. వెనక్కి తిరిగి నిలబడి, కాలి బూటు పీకి కుక్కేశాడు. మీద సబ్బు పోస్తే గట్టిపడింది. కారడం ఆగింది."

"మర్నాడు ఇంకో కాగు కొనుక్కోవచ్చుగా."

"కొంటే మోసపోయానని చెప్పుకోవాలిగా."

"చెప్పుకుంటే?"

"వారం నవ్వి ఊరుకునేవాళ్ళు. కానీ ఆ వారం దాటిపోయింది. తర్వాత ఏడాది దాటింది. ఎవరో వచ్చి మీ సబ్బు ఇంత బాగుంది, కిటుకేంటని అడిగారు. అడుగు తియ్యనండీ అన్నాడు. అంతే, అది పద్ధతయి కూర్చుంది."

గుమ్మంలోంచి అత్తగారు మెల్లగా అడిగింది. "మీ నాన్నగారు పోయేటప్పుడు నన్ను బయటికి పంపి మీ చెవిలో చెప్పింది ఇదేనా? ఇంటి రహస్యం, ఆడవాళ్ళు వినకూడదన్నారు. ఇన్నేళ్ళూ నేను అదేదో పాకం కొలత అనుకున్నాను."

మామగారు భుజం మీది తువ్వాలు తీసి మళ్ళీ మడతపెట్టారు.

"ఆడవాళ్ళు వినకూడదు," అంది చిన్నకోడలు. "మగవాళ్ళు వినొచ్చు. బావగారూ, మీరు విన్నారా?"

సెంటు బావ జేబులో సీసా కోసం వెతుక్కున్నాడు.

ఆమె బల్ల వైపు తిరిగింది. మొగుడు అక్కడికి ఎప్పుడు చేరాడో, ఒక బిళ్ళ పట్టుకుని ఉన్నాడు. కత్తి కింద ఉంది, వేలితో అంచు రుద్దుతున్నాడు.

"మీకూ తెలుసా?"

అంచు ఇంకొంచెం నున్నగా అయింది.

"మిమ్మల్నే."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"పెళ్ళికి ముందునుంచి."

"రోజుకి రెండుసార్లు. నేను నాలుక మీద పెట్టుకుంటుంటే, పక్కన నిలబడి అయిందా అయిందా అని అడిగేవారు."

"బూటు సంగతే తెలుసు," అన్నాడతను. "ఎలకల సంగతి నిజంగా నాకు తెలీదు."

ఆ మాటకు ఆమెకు మళ్ళీ వాంతి వచ్చింది. కడుపులో ఏమీ మిగల్లేదు, ఉత్త చేదు. ఎలకలను చూసినప్పుడు కూడా ఇలా రాలేదు.

మామగారు లేచి, గోడకు ఆనించిన తెడ్డు తీసి రెండు చేతులా పట్టుకుని ఆమె ముందుకు వచ్చారు. "అన్న మాట అన్న మాటే. తీసుకో. షరతు ఒక్కటే. బూటు మళ్ళీ దాని చోట్లో పెట్టు, మీద జానెడు పోయించు, పొయ్యి అంటించు. పనివాళ్ళకి నేను చెప్పుకుంటాను. ఈ రహస్యం తెలిసిన మొదటి కోడలివి నువ్వే. అది చిన్న గౌరవం కాదు."

చిన్నకోడలు కుడిచేత్తో తెడ్డు అందుకుంది. బూటు ఎడమచేతిలోనే ఉంది. సెంటు బావ గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

ఆమె కాగు వైపు వెళ్ళలేదు. గేటు వైపు వెళ్ళింది.

"ఎక్కడికి?" అన్నారు మామగారు.

"లాండ్రీకి. తర్వాత మన బిళ్ళలు అమ్మే ప్రతి కొట్టుకి. ఎవరెవరి ఒంటికి దీన్ని రాశామో వాళ్ళకి చెప్పి, కొత్త కాగు వచ్చేదాకా కొనొద్దని చెప్పడానికి. తెడ్డు నాదేగా ఇప్పుడు."

"నోరు మూసుకో. ఇల్లు మునిగిపోతుంది," అన్నాడు సెంటు బావ.

"మునగనివ్వండి బావగారూ. కడుక్కోవడానికి నీళ్ళైనా దొరుకుతాయి."

వీధిలో అడుగుపెట్టి పది అడుగులు వేసిందో లేదో, వెనక గేటు గడియ పడింది. ఆ గడియ చప్పుళ్ళన్నీ ఆమెకు తెలుసు. మామగారు వేస్తే రెండుసార్లు కొట్టుకుంటుంది. బావగారు వేస్తే కీచుమంటుంది. చప్పుడు కాకుండా వెయ్యాలని మెల్లగా తోసి, చివర్లో టక్కుమనిపించే మనిషి ఆ ఇంట్లో ఒక్కడే. పదకొండేళ్ళుగా పక్కన పడుకున్నవాడు.

ఆమె వెనక్కి తిరగలేదు.

ఎదురుగా మంగలి కొట్టు. ఆ చప్పుడుకీ, ఆమె వాలకానికీ వీధిలో వాళ్ళంతా పోగయ్యారు. మంగలి బ్రష్షు పట్టుకునే బయటికొచ్చాడు. అతని వెనక, సగం గడ్డం గీయించుకుని, మిగతా సగం నురగతో, మెడకు తువ్వాలుతో ఒక పెద్దమనిషి.

చిన్నకోడలు బూటు పైకెత్తి పట్టుకుంది. వీధంతా వినబడేలా చెప్పింది. కాగుకు చిల్లుందని, చిల్లులో ఇది ఉందని, దీని మీద మూడు ఎలకలు ఉన్నాయని, డెబ్బై ఏళ్ళుగా అదే ఉడికించి అమ్ముతున్నామని. ఈ ఇంటి సబ్బు ఇవాళ్టి నుంచి ఎవరూ వాడొద్దని.

మంగలి చేతిలో బ్రష్షు వైపు చూసి, పామును వదిలేసినట్టు వదిలేశాడు. వీధి వీధంతా ఆ పెద్దమనిషి చెంప మీది నురగ వైపు తిరిగింది. ఎవరో ఒకావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పెద్దమనిషి చెంప మీద కాస్త నురగ వేలితో తీసి, వాసన చూసుకున్నాడు. ఆ వేలు తువ్వాలుకు తుడుచుకుని, రెండడుగులు ముందుకు వచ్చి బూటును మడమ దగ్గర్నుంచి ముక్కు దాకా శ్రద్ధగా పరిశీలించాడు.

"ఎడమదేగా అమ్మా ఇది," అన్నాడు. "సరిగ్గా నా కొలతే. లోపల కుడిది కూడా దొరికితే ఒక్క కేకెయ్యండి, ఈలోగా రెండో చెంప గీయించుకుని ఇక్కడే ఉంటాను."